గాలికి ఎదురుచూసే పిట్ట

తరీఫా,
మార్చి 9

పెద్దమ్మా,

ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ? ఆఁ?" అనడం, నేను గొంతు చించుకోవడం, పక్కింటి స్పెయిన్ ముసలాయన గోడ బాదడం. ఎందుకొచ్చిన గొడవ, ఉత్తరమే రాస్తున్నాను. నీ చెవులకి ఎలాగూ పని లేదు కాబట్టి కళ్లద్దాలు పెట్టుకుని నింపాదిగా చదువు.

మొన్న సోమవారం మా కంపెనీలో వచ్చే ఏడాది సర్ఫింగ్ పలకల మీద బిగించే తెరచాపలు చూపించారు. రూబెన్ అని మా పెద్ద డిజైనర్ ఉన్నాడని చెప్పాను కదా, గుండు, ఎప్పుడూ చెప్పుల్లేకుండా తిరుగుతాడు. పెళ్లికూతురి ముసుగు తీసినట్టు మెల్లగా దుప్పటి లాగాడు. కింద ఏముందో తెలుసా? మూడే మూడు బద్దలు. ముందు భాగమంతా మెత్తటి గుడ్డ, ప్లాస్టిక్ రేకు కాదు. మెరిసే గులాబీ రంగు, నిమ్మపచ్చ. అందరూ అబ్బో అన్నారు. ఐదు బద్దలు బిగించిన బరువు తెరచాపలతో సర్ఫర్లు విసిగిపోయారట, తేలిగ్గా, మెత్తగా ఉండేది కావాలట, ఇదే రాబోయే కాలమట.

మన తెరచాపే తిరిగొచ్చింది పెద్దమ్మా! నాకు నవ్వు ఆగలేదు. ఏమిటా నవ్వు అన్నాడు రూబెన్. "నేను చిన్నప్పుడు ఈ రాబోయే కాలం కింద పడుకుని నిద్రపోయేదాన్ని" అన్నాను. నువ్వూ పెదనాన్నా కుడుతుంటే కత్తిరింపుల కుప్పలో దూరి నిద్రపోయేదాన్ని కదా, అది చెప్పాను. జీరిక్‌జీలో మా పెద్దమ్మ క్రెయినా, పెదనాన్న రీనుస్ నా చిన్నప్పుడే ఇలాంటివి కుట్టారని, ముందు అంచు దగ్గర వాళ్ల గుర్తుగా ఎర్రముక్కు పిట్ట బొమ్మ ఉండేదని చెప్పాను. అతను నవ్వలేదు. ఒకటి చూడగలనా అని అడిగాడు.

అసలు సంగతేమిటంటే మా కొత్త తెరచాప చూడ్డానికే బాగుంది, నీళ్ల మీద మొద్దు. గాలికి ఉబ్బే పొట్ట ఎక్కడ పెట్టాలో మాకు తేలడం లేదు. నీ అటక మీద ఒకటి మిగిలుందని అమ్మ చెప్పింది. పంపిస్తావా? నీ కాళ్లు పట్టుకుంటాను.

లెవాంతే గాలికి జుట్టంతా పిచ్చుక గూడైన
యోరీన్


జీరిక్‌జీ,
మార్చి 20

యోరీన్‌కి పెద్దమ్మ చీవాట్లూ ముద్దులూ, వరస అదే.

తిరిగొచ్చిందని సంబరంగా రాశావు. ఎక్కడికి పోయిందే తిరిగి రావడానికి? పోయింది జనాలు. తెరచాప మా అటక మీదే ఉంది, ఎలకలు కూడా ముట్టుకోలేదు.

నీకు గుర్తుందో లేదో, మన షాపు ఆఖరి రోజుల్లో సముద్రపు కట్ట మీదకి వెళ్తే నవ్వేవాళ్లు. గాజులా మెరిసే ప్లాస్టిక్ తెరచాపలు దిగాయి, వాటికి ఐదేసి ఆరేసి బద్దలు, అస్థిపంజరాల్లా. మనవి గుడ్డవి. "క్రెయినా కర్టెన్లు వచ్చాయిరోయ్" అనేవాళ్లు. మన దగ్గర కొనుక్కున్నవాళ్లే అనేవాళ్లు. కొత్తొక వింత, పాతొక రోత. నాకు తలకొట్టేసినట్టయ్యేది. మీ పెదనాన్న మాత్రం, పోనీలే క్రెయినా, గాలి మారుతుంది అనేవాడు. షాపు మూశాక లారీలకి టార్పాలిన్లు కుట్టడానికి వెళ్లాడు. అక్కడ కూడా సాయంత్రం భోజనం దగ్గర పొట్ట ఎక్కడుండాలో చెబుతూనే ఉండేవాడు. టార్పాలిన్‌కి పొట్టేమిటయ్యా అంటే వినేవాడు కాదు. తను పట్టిన కుందేటికి మూడే కాళ్లు, తను కుట్టిన తెరచాపకి మూడే బద్దలు.

గాలి మారేసరికి మనిషి లేడు. పదకొండేళ్లయింది.

సరే, పంపిస్తున్నాను. అది ఆయన ఆఖరున కోసింది, నేను కుట్టింది. నీళ్ల మీద బాగా నడిచింది కూడా. షరతులు చెబుతున్నా విను. కత్తెర పెట్టకూడదు. తడిగా చుట్టకూడదు. ఆ చెప్పుల్లేని ఆయన దాన్ని తొక్కకూడదు. మిగతా సంగతులు నీకు తెలియనివా, మా ఒళ్లో పెరిగినదానివి.

ఇక్కడ చలి తగ్గలేదు. ఎర్రముక్కు పిట్టల జంట ఈసారి కూడా మా గ్యారేజీ కప్పు మీద గులకరాళ్లలో గూడు పెట్టేలా ఉంది. పొద్దస్తమానం గాలికి ఎదురు నిలబడి అరుస్తున్నాయి. వాటి అరుపొక్కటే నాకు ఇంకా బాగా వినపడుతుంది. పాకం పూసిన బోలస్ రొట్టెలు తెరచాప మధ్యలో చుట్టి పెట్టాను, డబ్బాలో ఉన్నాయి, గుడ్డకి జిగురు అంటుకుంటే మాత్రం నీ పని చెబుతా.

పెద్దమ్మ


తరీఫా,
ఏప్రిల్ 11

పెద్దమ్మా,

రొట్టెలు ఒక్కరోజులో అయిపోయాయి. రూబెన్ రెండు తిన్నాడు, వేళ్లు నాకాడు, చేతులు కడుక్కున్నాకే తెరచాప ముట్టుకోనిచ్చాను.

ముందు మంచి సంగతి. ఆ తెరచాప కుట్ల వంపులన్నీ కొలిచి, వాటి ప్రకారం నేనే ఒక కొత్తది గీశాను. గుడ్డ ఇప్పటిది, పొట్ట పెదనాన్నది. కంపెనీ దాన్ని తయారుచేస్తానంది. పెద్దమ్మా, దాని మీద మీ పిట్టని వెయ్యాలని నా కోరిక. రూబెన్ ఒప్పుకున్నాడు, కానీ నువ్వు సరే అంటేనే. జూన్ నడిమికల్లా రంగులు అచ్చుకి వెళ్తాయి. అప్పటికి నీ మాట రాకపోతే కంపెనీ గుర్తే పడుతుంది, ఇది మా కొత్త ఆలోచన అని చెప్పుకుంటారు. ఎవరిదో ఎవరికీ తెలియదు. మొదట కుట్టిన ఒకదాన్ని, పిట్ట నమూనా వేయించి, తెరచాప నిలబెట్టే కొయ్యతో సహా నీకు పంపుతున్నాను. నీళ్ల మీద చూసి తీర్పు చెప్పు.

ఇప్పుడు చెడ్డ సంగతి. ఎలా చెప్పాలో తెలియడం లేదు. మీ తెరచాప చిరిగింది.

ఇక రెండో పేజీ, దయచేసి ఓపిగ్గా చదువు. చిరిగింది అడుగున, జానెడే. మా దగ్గర అందరూ చేసినట్టే కొయ్య ఎక్కించి, ఇద్దరు కాళ్లు తన్నిపెట్టి కింది తాడు బలంగా లాగారు, వెనక అంచు వదులుగా వేలాడేదాకా. ముందంతా నిలువు ముడతలు పడింది, పొట్టంతా చదునైపోయింది, ఇంకాస్త లాగేసరికి కుట్టు దగ్గర పర్రుమంది. రూబెన్ పాపం నొచ్చుకుని, ఇది మ్యూజియంలో పెట్టాల్సింది, నీళ్లలోకి తేకూడదు అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. గుడ్డ ముసలిదైపోయింది, అంతే, ఎవరి తప్పూ కాదు. రాత్రి కూర్చుని నువ్వు నేర్పిన జిగ్‌జాగ్ కుట్టుతో నేనే కుట్టాను.

కొత్తది బిగించేటప్పుడు కూడా కింది తాడు అలాగే గట్టిగా లాగాలి, ఒంటరిగా నీ వల్ల కాదు, నీ పాత నేస్తం ఆద్రీని సాయం పిలువు.

నీ జవాబు కోసం గుమ్మంలోనే కూర్చున్న
యోరీన్


జీరిక్‌జీ,
మే 2

యోరీన్,

ఇవాళ ముద్దుల్లేవు.

చిరిగింది అన్న మాట దగ్గరే నీ ఉత్తరం మడిచేశాను. రెండో పేజీలో ఏం సాకులు రాశావో నాకు తెలుసు, చదవక్కర్లేదు. తెరచాప దానంతటది చిరగదు. నేను వేసిన కుట్టు తుఫానుకే చెక్కుచెదరలేదు. కుట్ల వంపులు కొలిచానని మొదటి పేజీలో నువ్వే రాశావు. కొలవాలంటే విప్పాలి. విప్పారు. లోపల ఏముందో చూసుకున్నారు, తర్వాత చిరిగిందన్నారు. కత్తెర పెట్టొద్దన్నానా లేదా? నా కడుపున కాకపోయినా నా కత్తిరింపుల్లో పుట్టినదానివి, నువ్వే చూస్తూ ఊరుకున్నావంటే నాకు నిద్ర పట్టలేదు.

నీ కొత్త తెరచాప వచ్చింది. రాజుగారి పుట్టినరోజు మర్నాడు ఊరంతా నారింజరంగు కాగితాలు ఊడ్చుకుంటుంటే, నేనూ ఆద్రీ దాన్ని కట్ట మీదకి తీసుకెళ్లాం. మర్యాదస్తులు బిగించినట్టే బిగించాం. కింది తాడు రెండు వేళ్లతో లాగి ముడేశాను, వెనక తాడు డోలులా మోగేదాకా లాగాను. ఆద్రీ ఎక్కాడు. వెనక చేతిని ఎద్దు లాగినట్టు లాగేసిందట. ఎక్కాడు, పడ్డాడు, ఎక్కాడు, పడ్డాడు. డెబ్బై రెండేళ్ల మనిషి ఉప్పునీళ్లు కక్కుకుంటూ నడిచొచ్చి, క్రెయినా, ఇది తెరచాప కాదు, బంగాళాదుంపల బస్తా అన్నాడు. అక్కడున్న సర్ఫర్లందరూ చూశారు. ముప్పై ఏళ్ల కిందట నవ్వినవాళ్లు చాలరని మళ్లీ నవ్వించావు నన్ను.

పొట్ట పెదనాన్నది అని రాశావు. ఆయన పొట్ట అలా ఉండేది కాదు. నీ బస్తా మీద ఆయన పిట్ట వాలదు. వీల్లేదంటే వీల్లేదు. మీ కంపెనీ గుర్తే వేసుకోండి.

నా తెరచాప నాకు పంపించు.

క్రెయినా


తరీఫా,
మే 14

పెద్దమ్మా,

నాకూ కోపం వస్తుంది. నీ రక్తమే కదా.

మేం ఒక్క కుట్టూ విప్పలేదు. టేబుల్ మీద పరిచి, పైనుంచి సన్నకాగితం వేసి గీసుకున్నాను, చిన్నప్పుడు నువ్వే నేర్పావు. నా చేతులతో నేను విప్పుతానని ఎలా అనుకున్నావు? రెండో పేజీ చదవకుండానే ఉరిశిక్ష వేశావు. అది నువ్వు బొత్తిగా చెయ్యకూడని పని. నీ ఉత్తరం మడిచి రెండు రోజులు సొరుగులో పడేశాను.

మూడో రోజు మళ్లీ చదివాను. ఈసారి "రెండు వేళ్లతో" అన్న మాట దగ్గర ఆగిపోయాను.

కింది తాడు రెండు వేళ్లతోనా? పెద్దమ్మా, ఇప్పుడు ఎవరూ అలా కట్టరు. ఇప్పటి తెరచాపకి కింది తాడే ప్రాణం. కొయ్య వంగేదాకా, వెనక అంచు ఏనుగు చెవిలా వేలాడేదాకా లాగుతాం. మీ కాలంలో అంచు అలా కొట్టుకుంటే తప్పు, మాకు అలా కొట్టుకోకపోతే తప్పు. మిగతా సంగతులు నాకు తెలియనివా అనుకుని, ఎలా కట్టాలో నువ్వు రాయలేదు. మా ఊళ్లో ఇది తెలియనివాళ్లు ఎవరున్నారు అనుకుని నేనూ నిన్ను అడగలేదు. మీదాన్ని మేం మా పద్ధతిలో లాగి చింపాం. మాదాన్ని నువ్వు మీ పద్ధతిలో కట్టి ఆద్రీని ముంచావు.

వెంటనే మీ తెరచాప భుజాన వేసుకుని బీచికి పరిగెత్తాను. రెండు వేళ్లతో లాగి ముడేశాను. వెనక తాడు బిగించాను. ఒక్క ముడత లేదు. అదే చోట, ముందుకి, గుండ్రంగా పొట్ట లేచి నిలబడింది. నేను ఎక్కాను. పెద్దమ్మా, ఏం చెప్పను, ఐస్ మీద కత్తిలా పోయింది. చేతుల్లో ఏమీ లేనట్టుంది. ఒడ్డుకొచ్చేసరికి రూబెన్ నీళ్లల్లోకి వచ్చేసి నిలబడ్డాడు, నాకివ్వు అన్నాడు. ఇచ్చాను. చీకటి పడేదాకా తిరిగి ఇవ్వలేదు. తర్వాత ఇసుకలో కూర్చుని దాని కుట్లు వేళ్లతో తడిమి, "మ్యూజియం అన్నాను, నా నోరు పడిపోను" అన్నాడు.

మా పెదనాన్న కోసిందది అని అక్కడున్న అందరికీ చెప్పాను. మూడు భాషల్లో చెప్పాను.

ఇప్పుడు నువ్వు రెండో పేజీ తియ్యి. కింది తాడు లాగు. ఆ తర్వాత కూడా అది బస్తానే అంటే నేను నోరెత్తను, పిట్ట ఊసెత్తను. జూన్ నడిమికి ఎన్నో రోజుల్లేవు.

యోరీన్


జీరిక్‌జీ,
మే 29

నా బంగారు యోరీన్‌కి,

రెండో పేజీ బ్రెడ్డు డబ్బా కింద దొరికింది. చదివాను. జిగ్‌జాగ్ కుట్టుతో కుట్టానని రాసిన చోట ముక్కు చీదుకున్నాను. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, నీ మీద కాదే నా కోపం. ఆ నవ్వులు నాలో ఇంకా ఉన్నాయి, నువ్వు ఎదురుపడ్డావు.

శనివారం గాలి పడమటి నుంచి తిన్నగా వచ్చింది. ఆద్రీ మొదట రానన్నాడు. కిందటిసారి తాగిన నీళ్లే ఇంకా కడుపులో ఉన్నాయన్నాడు. ఉల్లిపాయల పులుసూ ఆల్చిప్పల కూరా పెడతానంటే వచ్చాడు. సముద్రం వైపు కాకుండా కట్టకి లోపల, సరస్సు వైపు వెళ్లాం, నడుముల్లోతే ఉంటుంది. ఇద్దరం ఇసుకలో కూలబడి, కాళ్లు తన్నిపెట్టి, కింది తాడు లాగాం. తెగేదాకా లాగకూడదని మా అమ్మ నేర్పింది, మీరేమో తెగేదాకా లాగమంటున్నారు. వెనక అంచు వేలాడింది. నాకు సిగ్గేసింది. క్రెయినా తెరచాప అంచు కొట్టుకుంటోందని ఎవరైనా చూస్తే ఎలా అని దానికి అడ్డంగా నిలబడ్డాను.

ఆద్రీ ఎక్కాడు. పడతాడని చూశాను. పడలేదు. అవతలి ఒడ్డు దాకా పోయి, తిరిగి, నా ముందునుంచే ఇంకోసారి పోయాడు. ఆ నవ్వు చూడాల్సింది, పళ్ల సెట్టు ఊడిపోతుందేమో అనుకున్నాను.

తర్వాత నేను వాడి రబ్బరు సూటు అడిగాను. అరవై తొమ్మిదేళ్ల దానివి నీకెందుకు అన్నాడు. డెబ్బై రెండేళ్ల వాడివి నీకెందుకో నాకూ అందుకే అన్నాను. ఇరవై ఏళ్లయింది ఎక్కి. మొదటిసారి పడ్డాను, రెండోసారి నిలబడ్డాను. యోరీన్, నా చేతులకి తెలిసిపోయింది. కళ్లు మూసుకున్నా తెలుస్తుంది నాకు. ముందు చెయ్యి దగ్గర, ఆయన చెప్పిన చోటే ఉంది పొట్ట. లారీల వాళ్లు నవ్వినా, భోజనాల దగ్గర నేను విసుక్కున్నా ఆయన చెప్పిన చోటే. గుడ్డ వేరు, తాడు లాగడం వేరు, ఇంకెవరి కంప్యూటరో, అయినా ఆయనదే. నీళ్ల మధ్యలో గట్టిగా ఏడ్చేశాను. నాకే వినపడింది, చూడు ఎంత గట్టిగా ఏడ్చానో.

నువ్వు గీశావు దీన్ని. నా చెల్లెలి కూతురు గీసింది. ఆద్రీకి, రొట్టెల షాపావిడకి, చర్చి దగ్గర కూర్చునే ముసలాళ్లందరికీ చెప్పాను. విననివాళ్లకి రెండుసార్లు చెప్పాను.

పిట్టని వేసుకో. నా మాట ఇదే, మీ రూబెన్‌కి చూపించు.

కానీ రెండు షరతులు. నువ్వు పంపినదాని మీద పిట్ట బొమ్మ వెనక అంచు కేసి చూస్తోంది. అలా చూస్తే బొమ్మకి బాగుంటుందని ఎవరో అనుకుని ఉంటారు. మీ పెదనాన్న ప్రతి పిట్టనీ కొయ్య వైపు తిప్పి కుట్టేవాడు, గాలికి ఎదురుగా. ఎర్రముక్కు పిట్ట గాలికి వీపు పెట్టి నిలబడదు, పెడితే ఈకలు రేగిపోతాయి. మా కప్పు మీదికొచ్చి చూసుకోండి. పిట్టని తిప్పండి.

రెండోది. దాని మీదగానీ కాగితాల మీదగానీ "తిరిగొచ్చింది" అని రాయొద్దు. అది ఎక్కడికీ పోలేదు.

ముద్దులు ముందు, చీవాట్లు లేవు,
పెద్దమ్మ


తరీఫా,
జూన్ 8

పెద్దమ్మా,

నీ ఉత్తరం ఆఫీసులో బల్లెక్కి చదివాను. ఏడ్చిన చోటు మాత్రం చదవలేదు, అది నాది.

పిట్టని తిప్పేశాం. బొమ్మలు వేసే అమ్మాయి ఒక పూటంతా సణిగింది, కొయ్యకి ముక్కు గుద్దుకునేలా ఉంది అంది. రూబెన్ ఆమెని ఒడ్డుకి తీసుకెళ్లి, నిలబడి ఉన్న సముద్రపు కాకుల్ని చూపించాడు. అన్నీ ఒకే వైపు చూస్తున్నాయి. వెనక్కొచ్చి తనే తిప్పింది. "తిరిగొచ్చింది" కూడా తీసేశాం. అక్కడ ఏం రాయాలో తోచక ఖాళీగా వదిలేశాం, అదే బాగుంది.

గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలి అని, ఇంకో రెండు సైజులు కూడా గియ్యమన్నారు. ఎంత గర్వంగా ఉందో నాకు. కంపెనీలో చేరినప్పుడు కూడా ఇంత లేదు.

జూలైలో వస్తున్నాను, మీ తెరచాప తీసుకుని. పోస్టులో పంపను. నా కుట్టు చూసి బాగోలేదంటే విప్పి నువ్వే కుట్టుకో.

యోరీన్


జీరిక్‌జీ,
అక్టోబర్ 19

నా యోరీన్‌కి,

నువ్వు వేసిన కుట్టు విప్పలేదు. బాగానే ఉంది. వంకరగా ఉన్న చోటు కూడా అలాగే ఉంచాను. తెరచాప ఇప్పుడు అటక మీద లేదు, ముందుగదిలో గోడకి వేలాడుతోంది. మీ అమ్మ వచ్చి చూసి, ఇంట్లో గాలెక్కడిదే అని అడిగింది. నీ కూతురు పంపింది అన్నాను.

నిన్న కట్ట మీదకి వెళ్లాను. కొత్తవి షాపుల్లోకి వచ్చేశాయట. నీళ్ల మీద గులాబీ రంగువి, పచ్చవి కనిపించాయి. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం మొదలుపెట్టి, అన్నీ అటూ ఇటూ పోతుంటే కుదరక వదిలేశాను. ఆద్రీ పక్కనే ఉన్నాడు, కర్టెన్లు చాలానే ఉన్నాయి ఇవాళ అన్నాడు. వాడికి ఒకటిచ్చాను మోచేత్తో.

ఒకతను మా దగ్గరే ఇసుకలో తెరచాప బిగిస్తున్నాడు. రోటర్‌డామ్ నుంచి వచ్చాడట, ముప్పై దాకా ఉంటాయి. కాస్త ముట్టుకోవచ్చా బాబూ అని అడిగాను. ముట్టుకోండి మామ్మగారూ, ఇది సరికొత్త రకం అన్నాడు. పాపం మంచివాడు, నాకు వినపడదని గ్రహించి దగ్గరికొచ్చి, గట్టిగా, మొత్తం వివరించాడు. మూడే బద్దలు ఎందుకు పెట్టారో, గుడ్డ ఎందుకు వాడారో, పొట్ట ముందుకెందుకు ఉందో చెప్పాడు. కింది తాడు లాగి చూపించాడు. పొట్ట మీద అరచెయ్యి పెట్టి, ఇదిగో ఇక్కడండీ, అంతా ఇక్కడే ఉంది రహస్యం అన్నాడు. సరిగ్గా చోటు చూపించాడు.

ఆద్రీ నోరు తెరవబోతే కాలు తొక్కాను. చెబితే అతను వివరించడం ఆపేస్తాడు. మన తెరచాప గురించి అంత ప్రేమగా ఇంకో మనిషి నాకు చెప్పి ఎన్నేళ్లయింది. రీనుస్ పోయాక ఇదే.

చివర్న అతను పిట్టని చూపించాడు. ఇది ఎప్పుడూ గాలికి ఎదురుగానే చూస్తుంది మామ్మగారూ, ఈ కంపెనీవాళ్ల పద్ధతట అన్నాడు.

"అవును బాబూ, కంపెనీ పద్ధతే" అన్నాను.

ఆ కంపెనీలో ఇద్దరమే ఉండేవాళ్లమని చెప్పలేదు.

కంపెనీ తరఫున,
క్రెయినా